డేటాబేసు సర్వరుల చిరునామా పరివర్తనము

ఒక సంస్థయొక్క ఖాతాలు, క్రయవిక్రయములు, ఉద్యోగుల వివరములు మొదలగు సమస్త సమాచారమును భద్రపరచి, నెట్‌వర్కు ద్వారా అడిగినవారికెల్ల రేయింబవళ్లు అందించుచుండెడి డేటాబేసు సర్వరును, అది అంతవరకు వాడుకొనుచున్న ఐపీ చిరునామానుండి వేరొక చిరునామాకు, సేవకు సాధ్యమైనంత తక్కువ అంతరాయముతో మార్చు ప్రక్రియకు చిరునామా పరివర్తనమని పేరు. యంత్రమే మారవచ్చును, యంత్రము మారక చిరునామా మాత్రమే మారవచ్చును, ఒక నగరమందలి డేటా కేంద్రమునుండి వేరొక నగరమునకు సమస్తమును తరలిపోవచ్చును. ఈ మూడు సందర్భములయందును సమాచారమునకు నకలు తీయుట తెలిసిన పనియే. పాత చిరునామాను జ్ఞాపకముంచుకొన్న ప్రోగ్రాములను, యంత్రములను, మనుష్యులను వెదకి పట్టుకొనుటయే కష్టతరమైన భాగము. కల్యాణమండపము మారినపుడు సామానులు చేరవేయుట ఒక పూట పని. పంచివేసిన శుభలేఖలలోని చిరునామాను దిద్దుట అంత తేలిక కాదు.

కారణములు

1981లో ప్రమాణీకరింపబడిన ఐపీవీ4 చిరునామా 32 బిట్ల సంఖ్య యగుటచే దానివలన లభించు చిరునామాలు సుమారు 430 కోట్లకు మించవు. 2011 ఫిబ్రవరి 3వ తేదీన కేంద్రనిధిలో మిగిలిన కడపటి భాగములు సైతము ప్రాంతీయ సంస్థలకు పంచివేయబడినవి. అటుపిమ్మట చిరునామా వెలగల వస్తువైనది. 2024 ఫిబ్రవరి 1 మొదలు అమెజాన్ క్లౌడు సంస్థ తన వినియోగదారుల ప్రతి బహిరంగ ఐపీవీ4 చిరునామాకును గంటకు అర సెంటు చొప్పున రుసుము విధించుచున్నది. అద్దె గడువు తీరిన డేటా కేంద్రమును విడుచుట, ముదిసిన యంత్రములను మార్చుట, క్లౌడునకు తరలుట, భద్రతకొరకు డేటాబేసులను ప్రత్యేక నెట్‌వర్కులోనికి విడదీయుట మొదలగునవి తక్కిన కారణములు.

వీనియన్నిటిలో కంపెనీల విలీనమువలన కలుగు చిక్కు విచిత్రమైనది. 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అను పత్రము అంతరంగిక నెట్‌వర్కుల నిమిత్తము 10తో మొదలగు శ్రేణిని, 192.168తో మొదలగు శ్రేణిని, 172.16 మొదలు 172.31 వరకు గల శ్రేణిని ప్రత్యేకించినది. ఎల్లరును ఈ శ్రేణులనుండియే తీసికొనుచుండుటచేత, నిన్నటివరకు ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు సంస్థలలో 10.0.0.5 అను ఒకే చిరునామాతో రెండు ప్రధాన డేటాబేసులు వెలయుచుండవచ్చును. రెండు నెట్‌వర్కులను కలిపిననాడు వానిలో నొకటి తప్పక మారవలసినదే.

పూర్వ చరిత్ర

1983 జనవరి 1వ తేదీన ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్టునందు పాత ప్రోటోకాలును నిలిపి యంత్రములన్నిటిని నేటి టీసీపీ/ఐపీకి మార్చిరి. యంత్రములు కొన్ని వందలుగా నున్న కాలమున అట్టి ఏకదిన పరివర్తనము సాధ్యమయ్యెను. ఆ సంవత్సరమే పాల్ మొకాపెట్రిస్ రూపకల్పన చేసిన డీఎన్‌ఎస్ అను నామవ్యవస్థ వెలువడి, అంతవరకు ఒకే ఫైలులో పేర్లను చిరునామాలను వ్రాసి పంచెడి పద్ధతికి ముగింపు పలుకుటకు నాంది యయ్యెను. 1996లో బ్రయన్ కార్పెంటరు, యాకొవ్ రెఖ్టరు వ్రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1900, చిరునామాలను ప్రోగ్రాములలోను అమరికల ఫైళ్లలోను సంఖ్యలుగా వ్రాసిపెట్టుట భవిష్యత్తున మార్పునకు అడ్డుగోడ యగునని హెచ్చరించి, పేర్లను వాడుడని కోరినది. ఆ హెచ్చరికను నేటికిని పెడచెవిని బెట్టువారే యెక్కువ.

2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4192 ఐపీవీ6 నెట్‌వర్కులను ఉద్దేశించి ఒక క్రమమును నిరూపించినది: కొత్త చిరునామాను పాతదాని ప్రక్కనే నెలకొల్పి, రెంటిని కొంతకాలము కలసి నడిపి, పాతదానిపై వాడుక అడుగంటిన పిదప దానిని తొలగింపవలెను. ఈ సూత్రము వెబ్ సర్వరుల విషయమున నిరాటంకముగా చెల్లును, ఏలయన వెబ్ సర్వరులు రెండైనను నాలుగైనను చూపెడి పుట ఒక్కటే. డేటాబేసు విషయమున అది సగమే చెల్లును. చదువుటకు రెండు చిరునామాలుండవచ్చును. వ్రాయుటకు మాత్రము ఏ క్షణముననైనను ఒక్క సర్వరే అధికారి కావలెను. ఒక వినియోగదారుని ధనము పాత సర్వరులో జమయై, ఖర్చు కొత్త సర్వరులో వ్రాయబడినచో, ఆ రెండు లెక్కలను మరల ఏకముచేయుట యంత్రములవలన నగు పని కాదు. ఈ శాస్త్రమందలి నియమములలో అధికభాగము ఈ ఒక్క భయమునుండి పుట్టినవే.

చిరునామా దాగియుండు చోటులు

పరివర్తనమునకు పూనుకొను నిర్వాహకుడు తొలుత చేయవలసినది శోధన. అప్లికేషను సర్వరుల అమరికల ఫైళ్లను చూచుట ఎల్లరకు తోచును. ఒరాకిల్ వాడువారి టీఎన్‌ఎస్ నేమ్స్ ఫైళ్లు, విండోసు యంత్రములందలి ఓడీబీసీ అమరికలు, ప్రతి యంత్రమునందలి హోస్ట్స్ ఫైలు, రాత్రివేళ నడుచు క్రాన్ పనులు, పర్యవేక్షక పరికరములు, బ్యాకప్ ప్రోగ్రాములు, ఫైర్‌వాలు నియమములు తరువాత తోచును. అకౌంట్సు విభాగమున ఒక గుమాస్తా నెలకొకమారు తెరచెడి ఎక్సెల్ పట్టికలో పాత సంఖ్య యొకటి అణగియుండుట ఎవ్వరికిని తోచదు. కావున ఫైళ్లను వెదకుటతో తృప్తిపడక, సర్వరునొద్దకు వాస్తవముగా వచ్చుచున్న కనెక్షనులను నమోదు చేయవలెను: మైఎస్‌క్యూఎల్ నందు 3306, పోస్ట్‌గ్రెస్ నందు 5432, ఒరాకిల్ నందు 1521, ఎస్‌క్యూఎల్ సర్వరునందు 1433 అను పోర్టులకు ఎవరెవరు వచ్చుచున్నారో వారి చిరునామాలను పట్టికగా తీయవలెను. ఒక వారము చూచి చాలించుట పొరపాటు; మాసాంతపు నివేదికలు, మార్చి 31 నాటి లెక్కల ముగింపు ఆ వారములో పడవు.

సర్వరులోపల కూడ చిరునామాలుండును. మైఎస్‌క్యూఎల్ నందు ఖాతాదారు పేరుతోపాటు అతడు వచ్చుచోటును ఖాతాలో భాగమే, 10.1.2.15 నుండి వచ్చు ఖాతాకు ఇచ్చిన అనుమతి, అదే పేరుతో 10.9.2.15 నుండి వచ్చువానికి వర్తింపదు, ఆ చోటునుండి వచ్చుటకు ఏ ఖాతాకును అనుమతి లేనిచో సర్వరు 1130 సంఖ్యగల దోషమును జూపి వానిని వాకిటనే త్రిప్పిపంపును. పోస్ట్‌గ్రెస్ నందు ఈ కార్యము పీజీ హెచ్‌బీఏ అను ఫైలు నిర్వహించును. దానిని పైనుండి క్రిందికి చదువుచు మొదట సరిపోయిన వరుసయందే సర్వరు ఆగిపోవును గనుక, కొత్త నెట్‌వర్కునకు అనుమతి నిచ్చు వరుసను అడుగున చేర్చి, పైన నిరాకరించు వరుస నొకదానిని మరచినవాడు అర్ధరాత్రమున చాలసేపు తల గోకుకొనవలసివచ్చును. ఈ ఫైలులోని మార్పులు సర్వరును నిలుపకయే అమలులోనికి వచ్చును; సర్వరు ఏ చిరునామాపై చెవియొగ్గి యుండవలెనో తెలుపు అమరిక మాత్రము సర్వరును నిలిపి మరల నడిపిననే గాని మారదు. ఈ భేదము తెలియనివారి పథకములలో లెక్కకురాని అంతరాయమొకటి చేరును. టీఎల్‌ఎస్ ధ్రువపత్రములలో పేరునకు బదులు సంఖ్యను వ్రాయించుకొన్నవారికి కొత్త ధ్రువపత్రములు సైతము కావలెను.

నామవ్యవస్థయు దాని మరపును

అప్లికేషనులు సంఖ్యను గాక పేరును వాడుచున్నచో మార్పు తేలికయగును, కాని తలచినంత తేలిక కాదు. డీఎన్‌ఎస్‌లోని ప్రతి సమాధానమునకు సెకనులలో చెప్పబడు ఆయుర్దాయము గలదు. దానినే టీటీఎల్ అందురు. అది 86,400 సెకనులుగా, అనగా ఒక దినముగా, ఉన్న పేరును మార్చినచో పాత సమాధానము దినమంతయు లోకమున తిరుగుచునే యుండును. కావున మార్పునకు పాత ఆయుర్దాయము గడచునంత ముందుగానే దానిని 60 సెకనులకు తగ్గించి, పని ముగిసిన పిదప యథాస్థితికి తెచ్చుట ఆచారము. ఎస్‌క్యూఎల్ సర్వరు సమూహములలో లిజనరు అను ఉమ్మడి పేరునకు ఈ విలువ సహజముగా 1,200 సెకనులు, అనగా 20 నిమిషములు; దానిని అట్లే విడిచినవారి అంతరాయము 20 నిమిషములకు సాగుట వింత కాదు.

ఆయుర్దాయమును తగ్గించినను వినని అప్లికేషనులు గలవు. జావా యంత్రము పూర్వ సంచికలలో భద్రతా నిర్వాహకము అమర్చియున్న సందర్భమున ఒకమారు తెలిసికొన్న చిరునామాను తాను జీవించియున్నంతకాలము మరువదు. ఆ నిర్వాహకము లేనిచో సామాన్యముగా 30 సెకనులు జ్ఞాపకముంచుకొనును. అంతకుమించిన చిక్కు, తెరచిన కనెక్షనులను మూయక మరల మరల వాడుకొను కనెక్షన్ పూలులవలన కలుగును: తెరచియున్న కనెక్షను పేరును మరల అడుగవలసిన అగత్యమే లేదు, హికారీ అను ప్రసిద్ధమైన పూలులో ఒక కనెక్షను సహజాయువు 30 నిమిషములు.

పాత యంత్రము మాయమైనపుడు తెరచియున్న కనెక్షను గతి ఏమగునన్న ప్రశ్నకు సమాధానము ఫైర్‌వాలు చేతిలో నున్నది. పాత చిరునామానుండి నిరాకరణ సందేశము వచ్చినచో అప్లికేషను వెంటనే తెలిసికొని కొత్త కనెక్షను నడుగును. వచ్చిన ప్యాకెట్లను మాటమాత్రమైన చెప్పక పారవేయునట్లు ఫైర్‌వాలు నమర్చినచో, లినక్సు తన సహజమైన అమరికల ప్రకారము పంపినదానినే మరల మరల పంపుచు సుమారు 15 నిమిషములు నిరీక్షించును; ఏమియు పంపక ఊరక ప్రతీక్షించు కనెక్షనైనచో, అది బ్రతికియున్నదా యని అడుగు కీపలైవ్ తొలి విచారణకే రెండు గంటలు పట్టును. పాత చిరునామాను మూయువారు మౌనముగా మూయక, స్పష్టముగా నిరాకరించుచు మూయుట మేలు. ఇంత చిన్న విషయము పుస్తకములలో అరుదుగా కానవచ్చును గాని, అంతరాయమును నిమిషములనుండి సెకనులకు దింపునది తరచుగ నిదియే.

పాత కొత్త చిరునామాలు ఒకే ఉపనెట్‌వర్కులో నున్నపుడు, లేక ముందుచూపుతో యంత్రమునకు గాక సేవకు ప్రత్యేకముగా ఒక సంచార చిరునామాను కేటాయించి యుంచినపుడు, ఈ బాధలు చాలవరకు తప్పును. ఆ చిరునామాను ఒక యంత్రమునుండి తీసి వేరొక యంత్రమునకు తొడిగి, అడుగకయే ఏఆర్‌పీ ప్రకటన నొకదానిని వెలువరించినచో, ఇరుగుపొరుగు యంత్రములు తమ పట్టికలను దిద్దుకొనును. నగరములు మారునపుడు ఈ ఉపాయము పనికిరాదు.

నకలు

1 గిగాబిట్టు వేగముగల మార్గముపై 1 టెరాబైటు సమాచారమును పంపుటకు ఏ ఆటంకము లేకున్నను రెండు గంటల పదమూడు నిమిషములు పట్టును. సర్వరును నిలిపి, ఫైళ్లను పంపి, కొత్తచోట లేపుట సరళమైన పద్ధతి. దానిని తక్కువగా చూడరాదు. భారతీయ రైల్వేల ఆన్‌లైను టిక్కెట్ల విక్రయము ప్రతిరాత్రి 11.45 మొదలు 12.20 వరకు ఆగియుండుట ప్రయాణికులెరిగినదే. అట్టి నిర్ణీత విరామము గలిగి, సమాచారము స్వల్పముగా నున్నవారు అంతకంటె క్లిష్టమైన మార్గమును త్రొక్కనక్కర లేదు. ఏడాదికి 99.99 శాతము కాలము సేవ నిచ్చెదమని మాట యిచ్చినవారికి మాత్రము సంవత్సరమంతటికి కలిపి మిగులు విరామము 53 నిమిషములలోపే; వారికి రెప్లికేషను తప్ప గత్యంతరము లేదు.

రెప్లికేషను అనగా ప్రధాన సర్వరుపై జరుగు ప్రతి మార్పును కొత్త సర్వరు వెంటవెంటనే చదివి తనపై జరుపుకొనుట. పోస్ట్‌గ్రెస్‌లో 2010 నాటి 9.0 సంచికతో ప్రవాహ రూపమైన రెప్లికేషను, 2017 నాటి 10వ సంచికతో తార్కిక రెప్లికేషను అందుబాటులోనికి వచ్చినవి. మొదటిది డిస్కుపై మార్పులను యథాతథముగా పంపును గనుక రెండు వైపులను ఒకే ప్రధాన సంచిక యుండవలెను. రెండవది వరుసలవారీగా పంపును గనుక సంచికను కూడ మార్చుకొనుటకు వీలు కల్పించును, కాని పట్టికల నిర్మాణమున జరుగు మార్పులను, వరుసలకు క్రమసంఖ్య లిచ్చు సీక్వెన్సుల ప్రస్తుత విలువలను అది తీసికొనిపోదు. సీక్వెన్సులను చేతితో ముందుకు జరుపక కొత్త సర్వరును తెరచినచో, అది 1 మొదలుకొని మరల సంఖ్య లిచ్చుటకు యత్నించి, ఇదివరకే యున్న సంఖ్యలకు తగిలి, చేర్చబోవు ప్రతి వరుసయు తిరస్కరింపబడును.

మార్పు ఘడియ

కొత్త సర్వరు పాతదానిని వెన్నంటి నడుచుచు, వెనుకబాటు సెకనుకు లోబడిన పిదప, వాడుక పలుచనగు వేళ చూచి మార్పు జరుపుదురు. పోస్ట్‌గ్రెస్‌నకును అప్లికేషనులకును నడుమ పీజీబౌన్సరు అను మధ్యవర్తి యున్న సందర్భమును తీసికొందము. నిర్వాహకుడు మధ్యవర్తికి పాజ్ అను ఆజ్ఞ నిచ్చును. లావాదేవీలవారీగా కనెక్షనులను పంచునట్లు అమర్చియున్నచో, అది నడుచుచున్న లావాదేవీలను పూర్తికానిచ్చి, కొత్తవానిని సర్వరునకు పంపక తనయొద్దనే వరుసలో నిలుపును. అప్లికేషనులకు కనెక్షను తెగినట్లు తోచదు, సమాధానము ఆలస్యమగుచున్నట్లు మాత్రము తోచును. అప్పుడు మధ్యవర్తిని తప్పించుకొని నేరుగా వచ్చువారు సైతము వ్రాయలేకుండ పాత సర్వరును చదువుటకు మాత్రమే పరిమితము చేయుదురు. పాత సర్వరు తన చిట్టాలో కడపట వ్రాసిన స్థానమును, కొత్త సర్వరు కడపట జరుపుకొన్న స్థానమును ప్రక్కప్రక్కన బెట్టి పోల్తురు. రెండును అక్షరాల సమానమైననే కొత్తదానికి ప్రధానత్వ మొసగి, మధ్యవర్తి అమరికలో చిరునామాను మార్చి, రిజ్యూమ్ అను ఆజ్ఞతో వరుసలో నున్నవారిని విడిచిపెట్టుదురు. అభ్యాసమున్నవారి చేతిలో ఈ సమస్తమును కొన్ని సెకనులలో ముగియును. మైఎస్‌క్యూఎల్‌లోను క్రమమిదియే, పాత సర్వరును కట్టివేయుటకు అచట సూపర్ రీడ్ ఓన్లీ అను అమరిక గలదు. దీనికి ముందున్న రీడ్ ఓన్లీ అను అమరిక విశేషాధికారముగల ఖాతాలను అడ్డగింపదు గనుక, అట్టి ఖాతాతో నడచు అప్లికేషనులున్నచోట దానిని నమ్మరాదు.

చిట్టాలను పోల్చుటకు పట్టు ఆ కొన్ని సెకనుల విరామమును సైతము తొలగింపజూచు పథకములు కలవు. అంతరాయము శూన్యమని చాటెడి ప్రకటనలను చదువరులు కొంత అనుమానముతో చూడవలెను. వ్రాత క్షణకాలమైనను ఆగనిచో, రెండు సర్వరుల సమానత్వమును నిర్ధారించుటకు నిలకడయైన క్షణమే లభింపదు.

సమూహములు

కొన్ని వ్యవస్థలు చిరునామాల పట్టికను తమలోనే దాచుకొనును. మాంగోడీబీ సమూహమున సభ్యుల చిరునామాలు సమూహపు అమరికలోనే యుండి, అప్లికేషనులు ఏ ఒక్క సభ్యుని చేరినను ఆ అమరికను చదివి తక్కినవారిని తెలిసికొనును. కావున అప్లికేషనులో కొత్త చిరునామా వ్రాసి, సమూహపు అమరికలో పాతదానిని విడిచినచో, అప్లికేషను కొత్త ద్వారమున ప్రవేశించి పాత చిరునామాకే పరుగెత్తును. 5.0 సంచిక మొదలు సంఖ్యారూపమైన చిరునామాలతో మాత్రమే నిర్మించిన సభ్యుడు మొదలగుటకే నిరాకరించును. కసాండ్రాలో ప్రతి సభ్యునికి చిరునామాతో సంబంధము లేని గుర్తుసంఖ్య యుండుటచే, ఒక్కొక్క సభ్యుని నిలిపి, చిరునామా మార్చి, మరల లేపిన చాలును. విత్తన సభ్యుల జాబితాను మాత్రము అంతట దిద్దవలెను. ఒరాకిల్ 2009లో 11జీ రెండవ విడుదలతో స్కాన్ అను ఒకే పేరును, దాని వెనుక మూడు చిరునామాలను ఏర్పరచి, సమూహమున యంత్రములు మారినను అప్లికేషనుల అమరిక మారనక్కర లేకుండ చేసినది.

ఒక ఉదాహరణము

రెండు సర్వరులు వ్రాతను స్వీకరించుటవలన కలుగు అనర్థమునకు గిట్‌హబ్ సంస్థ తానే ప్రకటించిన వృత్తాంతము సాక్ష్యము. 2018 అక్టోబరు 21న, చెడిపోవుచున్న నెట్‌వర్కు పరికరమును మార్చుచుండగా, అమెరికా తూర్పుతీరమందలి వారి ప్రధాన డేటా కేంద్రమునకు 43 సెకనులపాటు సంబంధము తెగిపోయెను. స్వయంచాలక వ్యవస్థ పశ్చిమతీరమందలి మైఎస్‌క్యూఎల్ సర్వరులకు ప్రధానత్వ మిచ్చెను. అప్పటికే తూర్పుతీరమున వ్రాయబడిన కొన్ని మార్పులు పశ్చిమమునకు చేరియుండలేదు. అధికముగా వాడబడు ఒక సమూహమున అట్టి వ్రాతలు 954. సంఖ్య స్వల్పమే, కాని పశ్చిమమున కొత్త వ్రాతలు మొదలైనవి గనుక వెనుకకు మరలుటకు దారి మూసుకొనిపోయెను. సేవ సంపూర్ణముగా చక్కబడునప్పటికి 24 గంటల 11 నిమిషములు గడచెను. ఆ సంస్థ సమాచార సమగ్రతను ముందుంచి, సేవ మందగించుటను సహించినది. ఆ నిర్ణయము సరియైనదే.

అనంతర కృత్యములు

మార్పు ముగిసిన పిదప కొత్త సర్వరునుండి పాతదానికి రెప్లికేషను త్రిప్పి నడుపుట వివేకుల పద్ధతి. దోషమేదైన బయటపడినచో వ్రాతలు పోగొట్టుకొనక వెనుకకు మరలవచ్చును. పాత చిరునామాపై హెచ్‌ఏప్రాక్సీ వంటి మధ్యవర్తిని నిలిపి, దారితప్పి వచ్చినవారిని కొత్తచోటికి పంపుటయు కలదు. అట్లు వచ్చువారందరును కొత్త సర్వరు కంటికి పాత యంత్రమునుండియే వచ్చినట్లు కానవత్తురు గనుక, దాని చిరునామాకు అనుమతి నీయవలెను, అసలు ఎవరు వచ్చుచున్నారో మధ్యవర్తియొద్దనే నమోదు చేయవలెను. ఆ నమోదుపట్టిక ఒక మాసాంతము దాటినను ఖాళీగా నున్నపుడు మధ్యవర్తిని తీసివేయుదురు. పాత చిరునామాను మాత్రము కొన్ని మాసములు ఎవ్వరికిని కేటాయింపక విడువవలెను. వెంటనే వేరొక డేటాబేసునకు దాని నిచ్చినచో, మరచిపోబడిన ప్రోగ్రా మేదియో పాత పేరుతో, పాత సంకేతపదముతో అందు ప్రవేశింప యత్నించును. అన్ని సర్వరులకు ఒకే సంకేతపదమును వాడు సంస్థలలో ఆ యత్నము సఫలము కూడ నగును.